మెడిటేషన్ అన్న మాటకి నేను చెప్పిన సగం అర్థం

ధ్యానం నేర్పే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు పటమటలో మా ఇంటికి వస్తుంటారు. మాది మూడో అంతస్తు. లిఫ్టు పనిచేయని రోజు మెట్లెక్కి వచ్చి, రొప్పుతూనే, "శ్వాస మీద ధ్యాస ఎలా నిలపాలండీ?" అని అడుగుతారు. ముందు కూర్చుని మంచినీళ్లు తాగమంటాను. తాగాక, "మీ సర్వీసులో గొప్ప అనుభవం ఒకటి చెప్పండి" అంటారు.

గొప్పవి చెప్పడం నాకు కష్టం కాదు. నేను కొట్టువాడి కొడుకుని. ఎదురుగా మనిషి కూర్చుంటే, అతనికి ఏం వినాలనుందో నా నోరు పసిగట్టి అదే ఇచ్చేస్తుంది. అందుకే చెప్పడం మాని రాస్తున్నాను. కాగితానికి ఏం కావాలో నాకు తెలియదు కాబట్టి, నిజం రాసే వీలు కొంచెం ఎక్కువ.

కొట్టులో నేర్చుకున్నది

మా నాన్నకి వన్‌టౌన్‌లో కిరాణా కొట్టు ఉండేది. అందులో "లేదు" అన్న మాట నిషేధం. సరుకు అయిపోతే "నిండుకుందండీ" అనాలి. అది మా వైపు ఏ కొట్టులోనైనా, ఏ వంటింట్లోనైనా ఉన్న అలవాటే. మా నాన్న ఇంకాస్త ముందుకెళ్లాడు. "నిండుకుంది" అనడానికి కూడా ఆయనకి మనసొప్పేది కాదు. సగ్గుబియ్యం కోసం వచ్చినావిడ చేతిలో సేమియా పొట్లం పెట్టి, "పాయసం ఎవరికమ్మా, పెద్దవాళ్లకా? అయితే ఇదే తేలిగ్గా అరుగుతుంది" అనేవాడు. ఆవిడ సంతోషంగా సేమియా పట్టుకెళ్లేది.

ఒకసారి నేను నోరు జారి "ఇంగువ లేదండీ" అన్నాను. వచ్చినాయన వెళ్లాక నాన్న కేకలేయలేదు. పొట్లం కడుతూనే, "లేదన్న మాట విన్నవాడు మళ్లీ మన మెట్టెక్కడురా. వాడడిగింది నీ దగ్గర లేకపోతే, నీ దగ్గరున్నదే వాడడిగాడనిపించు" అన్నాడు.

సేమియా తిని ఎవరికీ ఏమీ కాలేదు. ఆ అలవాటుని నేను మోసుకెళ్లిన చోటు వేరు. తప్పు అక్కడ జరిగింది.

కొట్టు తమ్ముడి చేతికి వెళ్లింది. బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరైన ఒకాయన పటమటలో ధ్యాన కేంద్రం పెడితే, నేను అక్కడ పేర్లు రాసుకునే పనిలో చేరాను. ఆయన్ని అందరం డైరెక్టర్ గారు అనేవాళ్లం. ఓ రోజు శిక్షకుడికి గొంతు పోతే నన్ను ఆయన పీట మీద కూర్చోబెట్టారు. క్లాసు అయ్యాక డైరెక్టర్ గారు, "గొంతు బాగుందయ్యా. కూర్చో" అన్నారు. కూర్చున్నాను. ఇరవై ఆరేళ్లు లేవలేదు.

బేరం మాత్రం మానలేదు. "రోజూ గంటసేపు చేయాలి" అని మొదలుపెట్టేవాణ్ణి.

"అమ్మో, గంటే! పావుగంట అండీ."

"పావుగంటలో చెప్పులు విప్పడమే అవుతుంది. నలభై."

"ఇరవై. ఇక అడక్కండి."

"పోనీ మీ మాటా వద్దు, నా మాటా వద్దు. పది. కానీ ఒక్కరోజూ మానకూడదు."

వాళ్లు గెలిచి ఇంటికెళ్లేవాళ్లు. నాకు మొదటినుంచీ కావాల్సింది పదే. ఈ కిటుకు మాత్రం మీరూ వాడుకోండి, దీని గురించి నాకు సిగ్గులేదు.

కళ్లు మూసుకోని డ్రైవరు

హనుమాన్ జంక్షన్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు యజమాని తన లారీ డ్రైవర్లకి ధ్యానం నేర్పమన్నాడు. పదిహేను మంది, షెడ్డులో, పాత టైర్ల మీద కూర్చున్నారు. "కళ్లు మూసుకోండి" అన్నాను. అందరూ మూసుకున్నారు, ఒక పెద్దాయన తప్ప.

"మీరూ మూసుకోండి, బాబాయ్."

"కుదరదండీ."

"ఏం?"

"ఇరవయ్యేళ్లుగా కళ్లు మూసుకోకుండా ఉండటమే నా ఉద్యోగం. తమరొచ్చి ఇప్పుడు మూసుకోమంటే ఎట్టా? రేపు స్టీరింగు దగ్గర అలవాటుగా మూసుకుంటే ఈ ఓనరు గారు నాకు దండేస్తారు, ఫొటోకి."

షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వి, "మీ ఇష్టం" అని వదిలేశాను. పది నిమిషాలు ఆయన ఎదురుగా ఉన్న లారీ చక్రాన్ని చూస్తూ కూర్చున్నాడు. అయ్యాక, "ఆ మూడో నట్టు వదులైందండీ" అన్నాడు. వెళ్లి చూస్తే నిజమే. మిగతా పద్నాలుగు మందిలో సగం నిద్రపోయారు.

ఆ రోజు ధ్యానం చేసింది ఆయనొక్కడేనని నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. అప్పటికి నా పాఠం వేరు. ధ్యానం అంటే మనసుని ఖాళీ చేయడం అని చెప్పేవాణ్ణి. ఎవరో చెప్పగా విన్నదే, ఎక్కడా చదివింది కాదు.

నిఘంటువులో సగం పేరా

ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఓ అమ్మాయి లేచింది. "సార్, ధ్యానం మన మాట. మరి ఈ మెడిటేషన్ అన్నది ఎక్కణ్ణుంచి వచ్చింది? దానికి అర్థం ఏంటి?"

"మనసుని ఖాళీ చేయడం, అమ్మా."

"ఏ భాషలో సార్?"

హాలంతా నా మొహం చూసింది. "రేపు చెప్తాను" అన్నాను. తెలియదన్న మాట అప్పుడూ రాలేదు, గమనించండి. గడువు అడిగానంతే.

మర్నాడు లైబ్రరీకి వెళ్లి లావుపాటి ఇంగ్లిషు నిఘంటువు తెరిచాను. ఆ మాట లాటిన్ నుంచి వచ్చిందట. నయం చేయడం అన్న అర్థమున్న ఇంకో లాటిన్ మాటకి, అంటే మెడిసిన్‌కి తల్లిలాంటి మాటకి, ఇది బంధువట. అక్కడిదాకా చదివి పుస్తకం మూసేశాను. పేరా ఇంకా ఉంది. కానీ నాకు కావాల్సిన సరుకు దొరికిపోయింది.

సాయంత్రం అదే కాలేజీ హాల్లో, "మెడిటేషన్, మెడిసిన్ ఒకే తల్లి పిల్లలు" అన్నాను. చప్పట్లు! డైరెక్టర్ గారూ వచ్చి, వెనక వరసలో నిలబడి విన్నారు. "ఏమయ్యా, ఇన్నాళ్లూ ఎక్కడ దాచావు ఈ మాట?" అన్నారు. వారం తిరక్కుండా ఆ మాట కేంద్రం గుమ్మం మీద బ్యానరుగా వేలాడింది. కింద నా పేరు కూడా వేయించారు. అటుగా వెళ్లేటప్పుడు ఆటో ఎక్కకుండా నడిచేవాణ్ణి, తలెత్తి చూసుకోవడానికి.

నాగమణి

నాగమణి కొండపల్లి నుంచి ఆదివారాలు బస్సులో వచ్చేది. ముప్పై అయిదేళ్లుంటాయి. ఆమె భర్త సాంబయ్య తెల్లపొణికి కర్రతో బొమ్మలు చెక్కుతాడు, ఆమె రంగులు వేస్తుంది. బొమ్మకి చీర, జడ, బొట్టు ఎవరైనా వేయగలరు. కళ్లు దిద్దడం వేరు. వెంట్రుకంత కుంచెతో, ఒకే ఊపిరిలో, రెండు కళ్లూ ఒకే చూపు చూసేలా దిద్దాలి. వాళ్ల వీధిలో కళ్లు దిద్దడానికి ఆమె చేయి పేరున్న చేయి. ఇరుగుపొరుగు వాళ్లు కూడా బొమ్మలు తెచ్చి, "కళ్లు నువ్వెయ్యి, నాగమణీ" అనేవాళ్లట.

నాలుగో ఆదివారం క్లాసు అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగింది.

"మాస్టారూ, ఒక్క మాట అడగనా?"

"అడుగమ్మా."

"నాకు ఫిట్స్ ఉన్నయ్యండి, పెళ్లి కాకముందు నుంచీ. బిళ్లలు వాడుతున్నా. బిళ్ల పడితే ఫిట్స్ రావు, కానీ చెయ్యి సన్నగా వణుకుద్ది. చీరదాకా పర్లేదు. కన్ను దిద్దబోతే కాటుక పోయి బుగ్గ మీద పడుద్ది. మొన్న ఏనుగు అంబారీ మొత్తం పాడుచేశా. ఆయన ఏమన్లేదు గానీ, నాకు ఏడుపొచ్చింది. ఇక్కడ కూచున్నాక చెయ్యి నిలబడినట్టుంటందండి. ఇక బిళ్లలు మానెయ్యొచ్చంటారా?"

ఈ ప్రశ్నకి జవాబు చాలా చిన్నది. నాకు తెలియదమ్మా, డాక్టరుగారిని అడుగు. అంతే. అది నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె మొహం చూశాను. సగ్గుబియ్యం కోసం మెట్టెక్కినావిడ మొహంలాగే ఉంది. ఉత్తచేతులతో పంపడం నాకు చేతకాలేదు.

నవ్వుతూ గుమ్మం వైపు చూపించాను. "బ్యానరు చూశావు కదమ్మా. రెండూ ఒకే తల్లి పిల్లలు. అక్క చేసే పని చెల్లెలు చేయదా?"

"చేస్తదనేగా మాస్టారూ మీరు చెప్పేది?"

"నమ్మకంగా చెయ్యమ్మా. నమ్మకమే ముఖ్యం."

అవునని నేను అనలేదు. దీన్ని కొన్నేళ్లు నాకు నేను చెప్పుకున్నాను. కొట్టులో కూడా సేమియాని సగ్గుబియ్యం అని మా నాన్న ఎప్పుడూ అనలేదు.

తర్వాత రెండు ఆదివారాలు ఆమె వచ్చింది, చెయ్యి అసలు వణకడం లేదని మురిసిపోతూ. మూడో ఆదివారం రాలేదు. బుధవారం సాంబయ్య ఫోన్ చేశాడు. బొమ్మల అతుకులకి పూసే చింతగింజల బంక పొయ్యి మీద కాస్తుంటే ఫిట్స్ వచ్చి పడిపోయింది. కుడిచెయ్యి ఉడుకుతున్న గిన్నెలో పడింది. బంక కదా, కడిగితే వదలదు. లాగితే చర్మం వస్తుంది.

ఆసుపత్రి వార్డులో

బత్తాయిల సంచి పట్టుకుని వెళ్లాను. నాగమణి మత్తులో ఉంది. చెయ్యి మోచేతిదాకా కట్టు. మంచం పక్కన సాంబయ్య. వార్డు సిస్టరు ఫైలు చూస్తూ అతన్ని కడిగేస్తోంది.

"ఇన్నేళ్లు వాడిన బిళ్లలు ఒక్కసారిగా ఆపేస్తారా? ఎవరు చెప్పారు ఆపమని?"

సాంబయ్య నా వైపు చూశాడు. ఒక్క క్షణం. తర్వాత నేల చూపులు చూస్తూ, "ఎవరూ చెప్పలేదండి. మేమే, తెలివితక్కువగా..." అన్నాడు. మళ్లీ ఆమెతో, "ఈయన మా మాస్టారండి. మంచోరు. చూడ్డానికి ఇంత దూరం వచ్చారు" అన్నాడు.

సిస్టరు నా వైపు తిరిగింది. "ఏం మాస్టారండీ తమరు?"

"ధ్యానం నేర్పుతానండి."

"ధ్యానమా? మేమూ చేస్తామండీ. పొద్దున్నే ఒక వాక్యం చదువుకుని, డ్యూటీకి బస్సులో వచ్చేటప్పుడు అదే ధ్యానించుకుంటా వస్తాను. మా పాస్టరు గారు 'నెమరేసుకోండమ్మా' అంటారు. నాకు షుగరు. ధ్యానమూ చేస్తాను, ఇన్సులినూ పొడుచుకుంటాను. దేని పని దానిది. మీ దగ్గరకొచ్చేవాళ్లకి ఆ ముక్క చెప్తున్నారా?"

"చెప్తున్నానండి" అన్నాను.

ఇరవై ఆరేళ్లలో నేను ఆడిన సిసలైన అబద్ధం అదొక్కటే. మిగతావన్నీ సేమియాలు. సాంబయ్య విన్నాడు. తలెత్తలేదు. నేను బత్తాయిలు స్టూలు మీద పెట్టి, కిందపడిన ఒకదాన్ని ఏరి సంచిలో వేసి, బయటికి వచ్చేశాను. మెట్ల మీద నా నడక చూస్తే ఎవరైనా ఏదో దొంగిలించి పోతున్నాడనుకుంటారు.

మిగిలిన సగం

ఆ మర్నాడు లైబ్రరీకి వెళ్లి అదే పేజీ తీశాను. నేను వదిలేసిన వాక్యాలు అక్కడే ఉన్నాయి. ఆ రెండు మాటలకీ మూలమైన అతి ప్రాచీన ధాతువుకి అర్థం కొలవడం. కొలత చూసి, తగినంత చేయడం. వైద్యుడు రోగాన్ని కొలిచి తగిన మందు ఇవ్వడం ఒక దారి. మనిషి ఒక విషయాన్ని మనసులో తూచి చూడటం ఇంకో దారి. మితం అనే అర్థమిచ్చే ఇంగ్లిషు మాటలు కొన్ని కూడా ఆ ఇంటివే. లాటిన్ వాళ్లు ఆ క్రియని ఆలోచించడానికీ, సాధన చేయడానికీ వాడేవారట. తర్వాత క్రైస్తవ సన్యాసులు పవిత్ర గ్రంథాన్ని నెమ్మదిగా మననం చేసుకోవడానికి ఆ పేరు పెట్టుకున్నారు. సిస్టరు బస్సులో చేసేది అదే.

మన ధ్యానం గురించి కూడా వెతికాను. సంస్కృతంలో ఆ ధాతువుకి అర్థం తలచడం, మనసుపెట్టి ఆలోచించడం. ఆ మాటే పాళీలో ఝానం అయింది, చైనా వెళ్లి చాన్ అయింది, జపాన్‌లో జెన్ అయింది. ఇన్ని దేశాలు తిరిగిన మాటకి ఖాళీ చేయడం అన్న అర్థం నాకు మూలంలో ఎక్కడా కనబడలేదు. నట్టు వదులైందని చెప్పిన లారీ డ్రైవరు గుర్తొచ్చాడు.

నేను త్రాసు పక్కన పుట్టినవాణ్ణి. కొలవడం అన్న అర్థం నాకంటే ఎవరికి బాగా అర్థం కావాలి? బిళ్ల అంటేనే కొలిచి ఇచ్చిన మందు. రెండో వాక్యం కూడా చదివి ఉంటే, నాగమణికి నా నోటితోనే, "నీ బిళ్ల కొలతని కొలిచినవాడే మార్చాలమ్మా" అనగలిగేవాణ్ణి. ఒకే తల్లి పిల్లలన్నది అబద్ధం కాదు. నేను దాన్ని సగం కోసి అమ్మాను.

డైరెక్టర్ గారికి సంగతి చెప్పాను. ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "మనం ఎక్కడా బిళ్లలు మానమని రాయలేదు కదా?"

"లేదండి."

"బ్యానరు మీదున్నది నిఘంటువులో ఉన్నదేగా?"

"ఉన్నదేనండి."

"మరింకేం?"

ఆయన్ని తిట్టుకుంటూ బతకడం తేలిక. కానీ బ్యానరు విప్పడానికి నిచ్చెన కూడా అక్కర్లేదు, నా చేతికి అందేంత ఎత్తులోనే ఉంది. నేను విప్పలేదు. ఎండకి రంగు పోయి అక్షరాలు కనబడకుండా అయ్యేదాకా అక్కడే వేలాడింది. ఆ మాట క్లాసుల్లో చెప్పడమూ మానలేదు. చివర్లో మాత్రం గొంతు తగ్గించి, గబగబా, "డాక్టరు సలహా కూడా తీసుకోండి" అని కలిపేవాణ్ణి. ఆ గొంతు నాకు తెలుసు. పుచ్చు కందిపప్పు తూచేటప్పుడు మా నాన్న వాతావరణం గురించి మాట్లాడే గొంతు.

కొత్తవాళ్లు ఇక్కడ ఒకటి రాసుకోండి. మీ దగ్గరికి వచ్చేవాళ్లలో సగంమంది జేబులో బిళ్లలుంటాయి. వాళ్లు అడక్కముందే మీరు అడగండి. మీ క్లాసులో మొదటి మాట అదే కావాలి. పెద్ద గొంతుతో.

కొండపల్లిలో

రిటైరయ్యాక, సాకు చెప్పుకోవడానికి ఇక ఏ పనీ అడ్డం లేకపోయాక, కొండపల్లి బస్సెక్కాను. నాగమణి గుమ్మంలో కూర్చుని ఉంది. వేళ్లు ముడుచుకుపోయిన కుడిచేతి సందులో కర్రబొమ్మని ఇరికించుకుని, ఎడమచేత్తో గరుకు కాగితం రుద్దుతోంది. లోపల ఆమె తోటికోడలు కళ్లు దిద్దుతోంది. సాంబయ్య ఉలి పక్కన పెట్టి కుర్చీ వేశాడు.

"మళ్లీ బిళ్లలు వాడుతున్నావా, అమ్మా?"

"ఆ వారం నుంచే. ఫిట్స్ లేవు" అంది, చేతిలో పని ఆపకుండా.

చెప్పాను. తెలియక అన్నానని, తెలియదని చెప్పాల్సిన చోట నవ్వానని, వార్డులో సిస్టరుతో అబద్ధమాడానని. తప్పు నీది కాదమ్మా, నాది అన్నాను.

ఆమె గరుకు కాగితం పక్కన పెట్టింది.

"మీకు తెలీదని నాకు ఆరోజే తెలుసు మాస్టారూ. మీరు నా మొహం చూడకుండా బ్యానరు చూపించారు. తెలిసినోళ్లు మొహం చూసి చెప్తారు. అయినా నాకు ఆ మాటే కావాల్సొచ్చింది, పట్టుకెళ్లా." ఒళ్లో పడ్డ కర్రపొట్టు దులుపుకుంది. "కానీ మీరు తెలీదు అనుంటే పట్టుకెళ్లేదాన్ని కాదుగా."

"ఊరుకోవే" అన్నాడు సాంబయ్య. "పెద్దాయన ఇంత దూరం వచ్చి..."

"నువ్వూరుకో. వార్డులో ఎవరూ ఊరుకోమనకుండానే ఊరుకున్నారు, ఇద్దరూనూ. మత్తులోనూ నాకు వినబడింది."

సాంబయ్య మళ్లీ ఉలి తీసుకున్నాడు. లోపలి నుంచి తోటికోడలు ఒకసారి తొంగిచూసి మళ్లీ పనిలో పడింది. నేను క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె ఏదో ఒకటి ఇచ్చి పంపాలి. ఆ బేరం నేను పెట్టదలచుకోలేదు.

లేవబోతుంటే ఆమే ఆపింది. గూట్లోంచి ఆసుపత్రి చీటీ తీసి నా ముందు పెట్టింది.

"పది నిమిషాలు రోజూ కూచుంటన్నా, మానలేదు. మూడేళ్లుగా ఫిట్స్ రాలేదని ఈ డాక్టరు గారు బిళ్ల సగానికి తగ్గించి చూద్దామంటన్నారు. నాకు భయమేస్తంది. తగ్గించుకోమంటారా, వద్దంటారా?"

ఈసారి ఆమె నా మొహమే చూస్తోంది. కావాలనే అడిగిందో, నిజంగానే అడిగిందో నాకు తెలియదు. నా నాలుక మీదికి ఒకటి కాదు, మూడు జవాబులు వచ్చాయి. మూడూ నున్నగా ఉన్నాయి. మూడూ ఆమెకి నచ్చేవే.

చీటీ మడిచి ఆమె ఎడమచేతికి ఇచ్చాను.

"ఆ జవాబు నా దగ్గర లేదమ్మా" అన్నాను.